మబ్బు నీళ్ల గొట్టం

ఈ ముచ్చట రాయడానికి కూర్చునే ముందు మూడుసార్లు నోరు పుక్కిలించి వచ్చాను. ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

మర్రిగూడ పక్కన ఒక ఊళ్లో నేను బడి పంతులుగా ఉన్న రోజులవి. అక్కడి బావి నీళ్లు ఉప్పు. అవి తాగి తాగి చిన్నప్పుడే పళ్లు పచ్చబడేవి, నడివయసు రాకముందే మోకాళ్లు వంగిపోయేవి. బంగారం చూపించినా అంతగా కదలనివాళ్లు మంచినీళ్ల మాట వింటే లేచి కూర్చునేవారు.

ఊరి చివరి గూడెంలో ఏసోబు అనే కూలివాడు ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో బేగంపేటకు వెళ్లి, గాలిమోటర్లు దిగే మైదానంలో ఆరు నెలలు కంకర కొట్టి వచ్చాడు. గాలిమోటరును అతను చూసిన మాట నిజమే. మనం చందమామను చూసినంత దగ్గరగా చూశాడు. కానీ దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలిసినట్టు చెప్పేవాడు. తోక దేనికిరా అంటే, "పైన గద్దలు ముసురుతయ్ పటేలా, అదిలించనీకి" అనేవాడు. గాలిలో ఎగిరేదానికి చక్రాలెందుకంటే, "మబ్బుల మీద జర నిలబడి దమ్ము తీసుకోవద్దా?" అనేవాడు.

పటేలు రామచంద్రయ్యకు ఈ కబుర్లంటే ప్రాణం. రోజూ చావడికి పిలిపించి, అరుగు కింద నిలబెట్టి చెప్పించుకునేవాడు. దాంతో ఏసోబుకు వెట్టి తప్పింది. సర్కారు తరఫున గిర్దావరు వచ్చినా, అమీను వచ్చినా, వాళ్ల పెట్టెలూ మూటలూ వేరే నెత్తులెక్కేవి.

"నీ అబద్ధం బయటపడ్డనాడు తప్పిచ్చుకున్న మూటలన్నీ ఒక్కపారే నెత్తికెత్తుతరు. పైనుంచి యేసయ్య సుత చూస్తుండు," అని భార్య జానమ్మ బెదిరించేది.

ఒకరోజు మధ్యాహ్నం ఒక గాలిమోటరు దగ్గుకుంటూ వచ్చి ఆముదం చేలో దిగబడింది. తెల్లారి లారీ వేసుకొని వచ్చిన సిపాయిలు దాన్ని ఊడదీసి తీసుకుపోయారు. ఒక వస్తువు మాత్రం మిగిలిపోయింది. రెండు బారల రబ్బరు గొట్టం, దాని కొసకు నల్లటి గరాటు. వంగిపోయిన మోకాళ్లతో కలుపు తీస్తున్న బిక్షమ్మకు అది దొరికింది. కొంగులో చుట్టి చావడికి తెచ్చింది.

"ఏసోబూ, గిదేందిరా?" అన్నాడు పటేలు.

ఏసోబు కింద నుంచే మెడ చాచి చూశాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చావడి మూలన గిర్దావరు పెట్టె ఎవరో ఒకరి నెత్తి కోసం ఎదురుచూస్తోంది. ఏసోబు ఆ పెట్టెనొకసారి చూసి నోరు విప్పాడు.

"నీళ్ల గొట్టం పటేలా! పైన దూపైతే బాయి యాడుంటది? గీ గరాటును మబ్బుల వెట్టి, గా కొస నోట్ల వెట్టుకొని గుంజుతరు. మబ్బు నీళ్లు!"

చావడంతా ఒక్కసారి గుటక మింగింది. పటేలు గరాటును ముక్కు దగ్గర పెట్టుకొని ముఖం చిట్లించాడు.

"మరి గీ కంపేందిరా?"

"మబ్బు వాసన. నానిన బొంత ఆరకుంటే గట్లనే వస్తది గద!"

పటేలు గొట్టాన్ని ఊపాడు. లోపల గళగళమంది. "ఇంకా ఉన్నయిరా!" అంటూ కొసను నోట్లో పెట్టుకొని, కళ్లు మూసుకొని, ఒక గుక్క గుంజాడు.

"ఉప్పగున్నయేందిరా?"

"మన బాయి మీదికెల్లి లేసిన మబ్బాయె! తియ్యగ యాడికెల్లి వస్తది?"

"గదీ నిజమే. పంతులూ, సదువుకున్నోనివి, నువ్వు జర రుచి చూడు."

నా దోసిట్లో మూడు చుక్కలు పడ్డాయి. ఉప్పు ఆవిరి కాదని మూడో తరగతికి పాఠం చెప్పేవాణ్ణి నేనే. అయినా నాకి, చప్పరించి, "సముద్రం మీది మబ్బు కూడా కలిసినట్టుంది," అన్నాను. మిగిలిన తడిని బిక్షమ్మ మోకాళ్లకు రాసుకుంది.

అంతటితో ఆగినా బాగుండేది. పదిహేను రోజుల పాటు పటేలు పొద్దున్నే బావి నీళ్లను ఆ గొట్టంలోంచి పోయించుకొని, తియ్యబడ్డాయంటూ తాగాడు. ఆయన పక్కన కూర్చుని నేను కూడా తాగాను.

పదహారో రోజున, మరిచిపోయిన పానా కోసం సిపాయిల మిస్త్రీ తిరిగొచ్చాడు. పటేలు నోట్లోని గొట్టాన్ని చూసి బీడీ జారవిడిచాడు.

"తోబా తోబా! పటేల్ సాబ్, గదేం పని?"

"మబ్బు నీళ్లు తాగుతున్న."

"ఏం మబ్బు సాబ్? నడిపేటోడు మూడు గంటలు పైనుంటడు. ఒంటేలొస్తే యాడికి పోతడు? గందుకే గా గరాటు!"

నేను చావడి వెనక్కి పరుగెత్తాను. పొద్దున తిన్న జొన్నరొట్టే కాదు, నిన్నటి అంబలి కూడా బయటికొచ్చింది. తిరిగొచ్చేసరికి పటేలు కదలకుండా కూర్చుని ఉన్నాడు. గడ్డం మీది నుంచి నీళ్లు కారుతున్నాయి. ఏసోబు ఎవరూ చెప్పకముందే మూలకు వెళ్లి, ఆనాటి అమీను మూటను నెత్తికెత్తుకున్నాడు.

"దించురా," అన్నాడు పటేలు.

ఏసోబు దించాడు.

"మిస్త్రీ, నీకు తెల్వది. గిది మబ్బు నీళ్ల గొట్టమే."

"రోజూ కడిగేటోన్ని నేను సాబ్!"

"కడిగేటోనికేం ఎరుక? ఏసోబుకు ఎరుక. ఏం పంతులూ, నువ్వు సుత తాగినవు గద?"

"మబ్బు నీళ్లే పటేలా," అన్నాను మూతి తుడుచుకుంటూ.

మిస్త్రీ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, పానా తీసుకొని వెళ్లిపోయాడు. గొట్టాన్ని బొంద పెట్టమన్నాడు పటేలు. ఏసోబు దాన్ని కట్టెతో ఎత్తుకుపోయాడు. లోతుగా పూడుస్తాడో లేదోనని నేనూ వెంట వెళ్లాను. సంగతి అప్పటికే తెలిసి జానమ్మ గడ్డపార పట్టుకొని వచ్చింది.

"అబద్ధం బయటపడ్డది గద, మూటలేవి?" అంది.

"ఇంక నాకు మొయ్యనీకి లేవే. నా మాట అబద్ధమైతే పటేలు తాగిందేందో ఊరికి చెప్పాలె గద!"

"థూ! నువ్వు సుత తాగినవా ఏంది?"

ఏసోబు నా వైపు చూసి, తలొంచుకొని మట్టి తోశాడు.

"గూడెపోనికి మబ్బు నీళ్లు పోస్తరా పిచ్చిదానా?"

జానమ్మ నన్ను చూసి కొంగుతో నోరు మూసుకుంది. నేను బడికి టైమైందన్నాను. ఆరోజు ఆదివారం.