ముక్కలు మెల్లగా పడే కంప్యూటర్

చిట్యాలలో చాచా ప్రెస్సుకు కంప్యూటర్ ఎంచింది నేనే. ఈ సంగతి ఎవరైనా అడిగితే ఇన్నేళ్లూ రకరకాలుగా చెబుతూ వచ్చాను. ఆ రోజుల్లో కంప్యూటర్ల గురించి ఎవరికీ సరిగా తెలియదన్నాను. దుకాణంవాడు అంటగట్టాడన్నాను. రెండూ అబద్ధాలే. దుకాణంవాడు నిజమే చెప్పాడు, నాకు అంతా తెలుసు.

చాచా మాకు చుట్టమేం కాదు. హైవే మీద బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఆయన అచ్చుపని దుకాణం ఉండేది. ఎనభైల చివర్లో నేను నల్గొండలో పాలిటెక్నిక్ చదివిన మూడేళ్లూ మా ఊరి నుంచి సైకిల్ మీద వచ్చి, సైకిల్ ఆయన ప్రెస్సులో గోడకు ఆనించి బస్సెక్కేవాణ్ణి. సాయంత్రం తిరిగొచ్చాక ఒక అరగంట అక్కడే కూర్చునేవాణ్ణి. సిరా వాసన, అక్షరాలు కడిగిన కిరసనాయిలు వాసన, దాని మీద చాయ్ వాసన. చాచా ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో చెక్క గళ్లలోంచి సీసం అక్షరాలు ఏరి వరసలో పేర్చేవాడు. ఆయన గళ్లవైపు చూసేవాడు కాదు. నాతో మాట్లాడుతూనే ఉండేవాడు, వేళ్లు వాటంతట అవే వెళ్లి అక్షరాన్ని తెచ్చుకునేవి. వరస చివర కాస్త ఖాళీ మిగిలితే పదాల మధ్య సన్నటి సీసం ముక్కలు దూర్చి బిగించి, బొటనవేలితో ఒకసారి అదిమి చూసేవాడు.

ఆయన ప్రెస్సుకు పనంతా పెళ్లి పత్రికలతోనే. మర్రిగూడ వైపు నుంచి కూడా వచ్చేవారు. చాచాకు ఒక పద్ధతి ఉండేది. ట్రెడిల్ మిషన్ తొక్కి మొదటి పత్రిక తీయగానే ఆపేసేవాడు. అల్మారాలో ఒక డబ్బా మూతలో పసుపు కలిపి ఉండేది. ఆ పత్రికకు నాలుగు మూలలా పసుపు పెట్టి, పెళ్లివారి చేతికిచ్చి, వాళ్లు కళ్లకద్దుకున్నాకే రెండోది అచ్చువేసేవాడు. నమాజుకు వెళ్లి వచ్చిన చేతులతోనే ఆ పసుపు కలిపేవాడు. అది వింత అని అప్పుడు ఎవరికీ అనిపించలేదు.

ఇక నా సంగతి. మా కాలేజీలో కంప్యూటర్లున్న గదిలోకి చెప్పులు విప్పి పోవాలి. లోపల చల్లగా, గుడిలోలాగా గుసగుసగా ఉండేది. నల్లటి తెరల మీద ఆకుపచ్చ అక్షరాలు. ఆ గదిలోనే ఎవరో ఫ్లాపీలో ఒక ఆట తెచ్చారు. పైనుంచి రకరకాల ఆకారాల ముక్కలు ఒక్కొక్కటే దిగుతుంటాయి. తిప్పి, జరిపి, సందు లేకుండా పేర్చాలి. ఒక వరస నిండితే అది మాయమవుతుంది. పేర్పు పైదాకా వస్తే ఆట ముగుస్తుంది. చదువులో నేను అంతంతమాత్రం. ఆ ఆటలో మాత్రం కాలేజీ మొత్తంలో నన్ను కొట్టేవాడు లేడు. అవతలివాళ్లు నా వెనక నిలబడి చూసేవారు. ఒక దాంట్లో నేను గట్టివాణ్ణని నాకు మొదటిసారి అనిపించింది అక్కడే. తర్వాత చాలాకాలం అదొక్కటే.

చదువు అయిపోయింది. ఉద్యోగం రాలేదు. కొన్నేళ్లు అక్కడా ఇక్కడా టైపు పని చేశాను. ఈలోగా కొత్త కంప్యూటర్లు వచ్చాయి. దాచుకున్న ఫ్లాపీ తీసి ఒకచోట ఆ ఆట పెట్టి చూశాను. కొత్త కంప్యూటర్ వేగానికి ముక్కలు కంటికి ఆనకముందే వడగళ్లలా పడిపోయాయి. చేయి వేసేలోపు ఆట ముగిసింది. నాకు వచ్చిన ఒక్క విద్య పనికిరాకుండా పోయినట్టయింది. ఇరవై అయిదేళ్లు నిండకముందే నాకు పాత రోజుల మీద బెంగ పట్టుకుంది.

తొంభైల మధ్యలో చాచా ఒకరోజు నన్ను పిలిపించాడు.

"బేటా, నల్గొండల కంప్యూటర్ మీద పత్రికలు చేస్తున్నరంట. అక్షరాలు తీగ లెక్క వంకర్లు తిరుగుతున్నయ్. మనోళ్లు కూడ గదే కావాలంటున్నరు. మాఘం లగ్గాలకల్లా మనకూ ఒకటి ఉండాలె. లేకుంటె ప్రెస్సు మూసుకునుడే."

"కొత్తది మస్తు పిరం చాచా. హైదరాబాద్ల వాడినయి దొర్కుతయి."

"నాకేం తెల్సు. నువ్వే చూసి తే. నువ్వే దాని మీద పని చెయ్. చెరి సగం."

కోఠి వెనక ఒక సందులో వాడిన కంప్యూటర్లు అమ్మేవారు. దుకాణంలో రెండు చూపించారు. ఒకటి కాస్త కొత్తది, రంగుల తెరది. రెండోది దానికంటే చాలా పాతది, మా కాలేజీలో ఉన్నవాటిలాంటిదే. చాచా ఇచ్చిన పైసలు దేనికైనా సరిపోయేవి. నేను జేబులోంచి ఫ్లాపీ తీసి ముందు కొత్తదాంట్లో పెట్టాను. వడగళ్లు. పాతదాంట్లో పెట్టాను. మొదటి ముక్క తెర పైన కనిపించి, నన్ను గుర్తుపట్టినట్టు మెల్లగా దిగడం మొదలుపెట్టింది. నా వేళ్లకు అంతా గుర్తుంది.

దుకాణంవాడు కాసేపు చూసి నవ్వాడు. "అన్నా, దేనికి నీకు? ఆటలకా, పనికా?"

"పనికే. తెలుగుల పెళ్లి పత్రికలు చెయ్యాలె."

"అట్లయితె గా రంగులది పట్కపో. తెలుగు అక్షరాల ప్రోగ్రాం దీంట్ల నడ్వది. నేనిప్పుడే చెప్తున్న, మళ్ల వచ్చి లొల్లి పెట్టొద్దు."

నేను పాతదే కట్టించాను. తర్వాత ఏదో ఒక పార్టు వేయిస్తే నడుస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. బస్సులో తెరను ఒళ్లో పెట్టుకుని, చిట్యాల వచ్చేదాకా పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

"గిది జర పాతది లెక్క ఉందేంది?" అన్నాడు చాచా, పెట్టె చుట్టూ తిరుగుతూ.

"పాతదే చాచా. నమ్మకమైంది."

ఆయన ముఖం విప్పారింది. తన ట్రెడిల్ మిషన్ మీద చేయి వేశాడు. "గిది నాకంటె పెద్దది. ఇప్పటికీ ఒక్క బోల్టు ఊడలె. పాత మిషన్లల్ల ఇనుము మంచిగుంటది. మెరుగు చూసి పడిపోలె నువ్వు. మిషన్ ఎరిగినోడివి."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. కంప్యూటర్‌లో ఇనుముతో పని లేదని, పాతదంటే చేతకానిదని ఒక్క మాట. ఆ మెప్పు నాకు బాగుంది. వంగి తీగలు కలపడం మొదలుపెట్టాను.

ప్రోగ్రాం నడవలేదు. రెండుసార్లు, మూడుసార్లు ప్రయత్నించాను. తెర మీద ఒక వరస ఇంగ్లీషు వచ్చి ఆగిపోయేది. "ఒక పార్టు రావాలె చాచా" అన్నాను. రోజూ మధ్యాహ్నం ఆయన అన్నానికి ఇంటికి పోగానే ఫ్లాపీ పెట్టి ఆడేవాణ్ణి. బయట లారీల మోత, లోపల మెల్లగా దిగే ముక్కలు. నిజం చెప్పాలంటే ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు తీపిగానే గుర్తొస్తాయి. అదే నాకు ఎక్కువ సిగ్గు.

ఒకరోజు చాచా సీసం అక్షరాల గళ్ల ముందు నిలబడి అడిగాడు. "బేటా, కరిగించేటోడు వచ్చిండు. తూకానికి మంచి రేటిస్తడంట. ఇవి అమ్మెయ్యనా? నువ్వు ఊ అంటె అమ్ముత. ఆ జాగల నీకు మంచి బల్ల వేయిస్త."

ప్రోగ్రాం నడవదని అప్పటికి నాకు నూటికి నూరుపాళ్లు తెలుసు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. అడిగితే చెప్పాలి.

"అమ్మెయ్ చాచా. ఇంక వాటితోని ఏం పని."

గళ్లు ఒక్కొక్కటీ గోనెసంచిలోకి వంచారు. వాన మొదలైనట్టు చప్పుడు. చాచా చూడలేక బయట నిలబడ్డాడు.

పది పన్నెండు రోజులకు మర్రిగూడ వైపు నుంచి ఒక గొల్ల పెద్దమనిషి కూతురి పెళ్లి పత్రిక రాసుకుని వచ్చాడు. పెద్దకొడుకు పెళ్లి పత్రికా చాచానే వేశాడట. "సేటూ, నీ చెయ్యి మంచిది. గీసారి కూడ నువ్వే వెయ్యాలె" అని పసుపు పొట్లం కూడా తెచ్చాడు. చాచా నావైపు చూశాడు. నేను తెరవైపు చూశాను. అక్షరాలు లేవు, కంప్యూటర్ పలకదు. ట్రెడిల్ ఒక్కటి ఉండి ఏం లాభం.

చాచా లేచి, అల్మారాలోంచి ఆ డబ్బా మూత తీసుకున్నాడు. "పా పటేలా, మంచి దుకాణం చూపిస్త" అన్నాడు ఆ పెద్దమనిషితో. బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన కంప్యూటర్ దుకాణానికి ఆయనే వెంట తీసుకుపోయాడు. పత్రిక తయారయ్యేదాకా కూర్చుని తప్పులు చూసి, మొదటిదానికి నాలుగు మూలలా పసుపు పెట్టి ఇచ్చి వచ్చాడని తర్వాత విన్నాను. ఆ మాఘమంతా వచ్చినవాళ్లను అలాగే పంపాడు. ఎండాకాలం రాకముందే ఆ దుకాణంవాడు ఆయన్ని తప్పులు చూసే పనికి పెట్టుకున్నాడు. ప్రెస్సు మూతపడింది. నాకు మహబూబ్‌నగర్‌లో ఒక ఆఫీసులో పని దొరికింది. చెప్పకుండానే వెళ్లిపోయాను.

నాలుగేళ్లకు ఒక శుక్రవారం చాచా ఇంటికి వెళ్లాను. వాకిట్లోంచే చాచీ అంది, "లోపల ఉన్నడు. దానితోని నిఖా అయినట్టె, ఇడ్సి రాడు."

చాచా ప్రెస్సు మూశాక ఇంటికి తెచ్చుకున్న ఆ పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. నేను మరిచిపోయిన ఫ్లాపీ అందులోనే ఉండిపోయిందట. ఆయన వేళ్లు అటూ ఇటూ కదులుతున్నాయి. ఒక్క సందు లేకుండా ముక్కలు వచ్చి కూర్చుంటున్నాయి. ఆటలో నా పాత స్కోరును ఏనాడో దాటిపోయాడు.

"రా బేటా. గిది నా పనే గద. వరస నింపుడు. నింపంగనె మాయమైతది, గదొక్కటె తేడా."

నేను నిలబడే చెప్పాను. "చాచా, పనికొచ్చేది పక్కనే ఉండె. నేనే తేలె. గీ ఆట కోసం గిది తెచ్చిన."

ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు. "తెల్సు."

"ఎప్పట్నుంచి?"

"పటేల్‌ను తీస్కపోయిన దినమే. ఆ దుకాణంల పిలగాడు చెప్పిండు, గసొంటిదాంట్ల తెలుగు నడ్వదని. ఆట సంగతి తర్వాత గీ ఫ్లాపీ చెప్పింది."

"ఒక్క మాట అనకపోతివి."

ముక్కను తిప్పి సందులో కూర్చోబెట్టాడు. బొటనవేలితో బల్లను ఒకసారి అదిమాడు, పాత అలవాటు. "తప్పు మిషన్ తెచ్చినవ్. గది పోరతనం, నేనూ చేసిన పోరతనాలు. కని సీసం అమ్మనా అని నిన్ను అడిగిన. నువ్వు అమ్మెయ్ అన్నవ్. గది పోరతనం కాదు."

ఆయన ఆట ఆపి లేచాడు. కుర్చీ నావైపు జరిపాడు.

"కూసో. నువ్వు తెచ్చిందే కద. నేను చాయ్ పెట్టమని చెప్తొస్త."

కూర్చున్నాను. మొదటి ముక్క పైనుంచి దిగసాగింది, కోఠిలో ఆ రోజు నేను వెతుక్కున్న వేగంతోనే. నా చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. ముక్కలు ఒకదాని మీద ఒకటి, అడ్డదిడ్డంగా పడుతున్నాయి. చాయ్ వచ్చేసరికి పైదాకా నిండిపోయాయి.