కోసిన పడుగు

ధర్మవరంలో గుంత మగ్గం మీద ఇరవై రెండేళ్లుగా పట్టుచీరలు నేస్తున్న హనుమంతమ్మకు ఇప్పుడు ఆ గుంతలో నుంచి బయటికి రావడమే పెద్ద పని. నూట ఇరవై ఆరు కిలోల మనిషి. గట్టు మీద చేతులాన్చి లేస్తే చాలు, ఊపిరి అందదు, పెదాలు నీలం తిరుగుతాయి. తిండి తగ్గించమని వీధిలో ప్రతివాళ్లూ చెప్పేవారే. చెప్పేవాడికి వినేవాడు లోకువ గదా. పూటకు ఒక సంగటి ముద్దకు మించి తినదన్న సంగతి వాళ్లెవరికీ పట్టలేదు.

బెంగళూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ మాత్రం తిట్టలేదు. గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే నాళాల్లో బీపీ పెరిగిందనీ, చేతికి పట్టీ కట్టి చూసే బీపీ వేరు, ఇది వేరనీ విడమరిచింది. మాత్రలతో పాటు కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేస్తే బరువు తగ్గుతుంది, దాంతో ఆ బీపీ కూడా దిగొచ్చు. అయితే ఇలాంటి గుండెకు మత్తు ఇవ్వడమే ప్రమాదమనీ, ఆలస్యం చేస్తే ఆ మాత్రం సాహసం కూడా చేయలేమనీ దాచకుండా చెప్పింది.

హనుమంతమ్మ రెండుసార్లు తేదీ మార్పించుకుంది. కారణం పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన పోగులు. మూడు చీరల పడుగు మగ్గానికి ఎక్కించాక మధ్యలో చెయ్యి మారకూడదని ఆమె పట్టు. పేక పోగును బిగించే పలక దెబ్బ ఒకరిది ఇంకొకరికి రాదు, చీరలో గీత తేలుతుంది. మొదటిసారి రెండో చీర అడ్డమొచ్చింది, తర్వాత మూడోది. అదీ రోజుకు జానెడు సాగడం లేదు. పది దెబ్బలకొకసారి మగ్గం మీద తల వాల్చి, కాసేపు కళ్లు మూసుకునేది.

మూడోసారి ఇచ్చిన తేదీకి రైలెక్కాల్సిన పొద్దున కూడా ఆమె గుంతలోనే ఉంది. మొగుడు కొండప్ప సంచి సర్ది వాకిట్లో పెట్టి లోపలికొచ్చాడు. కత్తెర తీసుకుని, సగం నేసిన చీర దగ్గర పడుగును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కోసేశాడు. ఆ ఇంట్లో మూడు తరాలుగా సగం చీర కోసినవాళ్లు లేరు.

తిట్టడానికి హనుమంతమ్మకు ఊపిరి చాలలేదు. తెగిన పోగులను వేళ్లతో తడిమింది. దాపరికమెందుకు, చీర వట్టి సాకని ఆమెకు ఎప్పుడో తెలుసు.

"చీర గురించి కాదయ్యా. మత్తిచ్చినాక నేను లేయకపోతే?" అని అడిగింది.

కొండప్ప గట్టు మీద కూలబడ్డాడు.

"నాకూ అదే బయం. ఇంకొక్క దినం ఆగితే నేనే నిన్ను పోనియ్యను. అందుకే కోసినా. పా, రైలుకు టైమయితాంది."