మాణిక్యమ్మ నాటిన సాళ్లు

మాణిక్యమ్మది ప్రత్తిపాడు. భర్త పోయాక నల్లపాడు దగ్గర ఒక పరిశోధనశాలలో పనికి కుదిరింది. అక్కడ వలల షెడ్డులో పొగాకు మొక్కలు పెంచి, వాటికి కావాలనే వైరస్ ఎక్కిస్తారు. ఎక్కించేది మాణిక్యమ్మే. ఆకు మీద గరుకు పొడి చల్లి, వైరస్ రసంలో వేలు ముంచి మెల్లగా రుద్దాలి. ఆమె చేతి కింద ఒక్క ఆకూ చిరిగేది కాదు.

తెగులు ఆకులతో ఏం చేస్తారని మొదట్లో అడిగితే, శాస్త్రవేత్త సౌజన్య ఓపిగ్గా చెప్పింది. ఆ వైరస్ కంటికి కనపడనంత సన్నని పుల్లలా ఉంటుందట. దాన్నే అచ్చుగా పెట్టుకుని పైన నికెల్ పూత పూస్తే, బ్యాటరీలకు పనికొచ్చే అతి సన్నని తీగలు తయారవుతాయట. లోహం బాగా పట్టేలా వైరస్‌ను కొంత మార్చారు కూడా. అది మిరపకూ సోకుతుందని, బట్టలు మార్చి చేతులు కడగందే గేటు దాటొద్దని సౌజన్య రోజూ గుర్తుచేసేది.

నాలుగేళ్లు ఆమె ఆ మాట తప్పలేదు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం అన్న రోశయ్య ఫోను చేశాడు. వాన పడింది, పీకి పెట్టిన నారు వాడిపోతోంది, కూలీలు రాలేదు, వెంటనే రమ్మన్నాడు. మాణిక్యమ్మ ఉన్నపళంగా బస్సెక్కింది. పొద్దుగూకేదాకా వదినతో కలిసి మిరప నారు నాటింది.

మూడు వారాలకు ఆమె నాటిన సాళ్లలోనే ఆకులు పసుపు మచ్చలతో ముడుచుకున్నాయి. అక్కణ్ణించి తెగులు చేనంతా పాకింది. రోశయ్య విత్తనాలమ్మినవాణ్ణి తిట్టుకుంటూ తిరిగాడు. మాణిక్యమ్మకు షెడ్డులోని తెగులు ఆకులు గుర్తొచ్చాయి. నాలుగాకులు కవర్లో పెట్టి సౌజన్యకిచ్చి, ఆ రోజు చేతులు కడగకుండా వెళ్లానని చెప్పేసింది.

పరీక్ష అయ్యాక సౌజన్య తలెత్తలేదు. “మనదేనమ్మా. మేం మార్చిన గుర్తు ఇందులో ఉంది. చేను మొత్తం పీకి తగలబెట్టాలి.”

పైవాళ్లకు చెప్పక సౌజన్యకు తప్పలేదు. ఆ సాయంత్రమే మాణిక్యమ్మను పనిలోంచి తీసేశారు.

ఆమె తిన్నగా అన్న ఇంటికి వెళ్లింది. తెగులు విత్తనంలో లేదని, తన చేతుల్లోంచే వచ్చిందని చెప్పింది. రోశయ్య అరుగు మీద కూలబడ్డాడు.

“నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా, మాణిక్యం.”

“పక్కన బుడాన్ చేనుంది అన్నయ్యా. దానికీ పాకితే అతనెవరితో చెప్పుకుంటాడు?”

మొగ్గ తొడుగుతున్న మొక్కల్ని ముగ్గురూ రెండు రోజులు పీకి తగలబెట్టారు. వదిన ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు. బుడాన్ పంట నిలిచింది. రోశయ్య నేల ఆ ఏడంతా ఖాళీగా ఉండిపోయింది.

మాణిక్యమ్మ ఇప్పుడు పత్తి తీతకు వెళ్తుంది. మిరప చేలోకి ఆమెను ఎవరూ పిలవరు. పిలిచినా ఆమె వెళ్లదు.