మధుపర్కాల పోగుతో బిగించిన పెట్రోలు ఫిల్టరు

పాతకాలపు కారు బాగుచేయించుకుని గుంటూరు నుంచి అద్దంకి దాకా సరదాగా వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మేం వెళ్లింది అరవైల మొదట్లో, కళ్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో. మా ఆడపడుచు కూతురు పద్మ పెళ్లికి. తండ్రి పోయాక ఆ పిల్ల గుంటూరులో మా దగ్గరే ఉండి చదువుకుంది, పెళ్లికని ముందే అద్దంకిలో వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది. మావారు దానికి ఒక్కగానొక్క మేనమామ. "మావయ్య బుట్టలో కూర్చోబెట్టి తెస్తేనే పీటల మీదికొస్తా" అని ముందే చెప్పేసింది. వెదురుబుట్ట కారు పైన కట్టాం. మంగళగిరిలో మా నాన్న తన చేత్తో నేసిన మధుపర్కాలు నా ఒళ్లో ఉన్నాయి. ముహూర్తం సాయంత్రం దీపాల వేళకి.

మావారు ఆ కారుని ఒక ప్లీడరు గారి దగ్గర కొత్తగా కొన్నారు. ముందురోజు డబ్బాలోంచి పెట్రోలు పోస్తూ, దుమ్ము పడకూడదని గరాటులో గుప్పెడు దూది కుక్కారు. వాళ్లది తాతల నాటి పత్తి వ్యాపారం. ఆముదమైనా, నువ్వులనూనె అయినా దూదిలోంచి దిగితేగానీ వాళ్లకి శుభ్రం కాదు. పక్కనే నిలబడి నేనూ మెచ్చుకున్నాను.

పొద్దున్నే బయల్దేరి చిలకలూరిపేటలో ఇడ్లీ తిన్నాం. ఇద్దరికీ కాఫీతో కలిపి రూపాయి దాటలేదు. మార్టూరు దాటాక కారు దగ్గడం మొదలుపెట్టింది. ఆగింది. కాసేపు ఊరుకుంటే కదిలి, కాస్త దూరం పోయి మళ్లీ ఆగింది. అప్పటికే ఎండ నడినెత్తికొచ్చింది. పొద్దుటి బస్సు వెళ్లిపోయింది, తర్వాతది ఎప్పుడో ఎవరికీ తెలీదు.

"పెట్రోలుందా అండీ?"

"నిండా ఉందే. ఎండకి అలిసిపోయింది పాపం."

"అలిసిపోవడానికి అదేమన్నా ఎద్దా?"

విసురుగా అన్నాను గానీ, ఆయన మొహం చూసి జాలేసింది. కళ్లు బుట్ట మీదే ఉన్నాయి. "నేను వెళ్లకపోతే పిల్లని ఎవరు తెస్తారే?" అన్నారు.

నేను నేతవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని. పోగు తెగితే మేం మగ్గమంతా వెతకం, కొస పట్టుకుని వేలితో వెంట పోతాం. "ట్యాంకు దగ్గర బయల్దేరిన గొట్టం ఎక్కడికి పోతోందో చూడండి" అన్నాను. ఆయన కారు కింద దూరారు, నేను బానెట్ లోకి వంగాను. సన్నటి గొట్టం వెనకనుంచి వచ్చి ఇంజను పక్కనున్న పెట్రోలు పంపు దగ్గర ఆగింది. అక్కడ చిన్న గాజుగిన్నె, దాన్ని పట్టి ఉంచే తీగ కొక్కెం. మర వదులుచేసి గిన్నె దించితే, లోపలి ఇత్తడి జల్లెడ తెల్లటి నూగుతో పూడిపోయి ఉంది.

"దూది!" అన్నాం ఇద్దరం ఒకేసారి. నాకు నవ్వాగలేదు. కాసేపటికి ఆయనా నవ్వేశారు.

జల్లెడని పెట్రోలుతో కడిగి, వెనకవైపు నుంచి ఊది శుభ్రం చేశాం. తీరా బిగించబోతే గిన్నె అంచున ఉండే కార్కు వాషరు పొడిపొడిగా రాలిపోయింది. అది లేకుండా బిగిస్తే చుక్కలు చుక్కలుగా కారింది. పెట్రోలుకి సబ్బు కరగదు కదా అని, మధుపర్కాలు చేత పట్టుకునే వెళ్లి, పక్క కళ్లంలో కాయలు ఏరుతున్న ఆమెని బట్టల సబ్బు అడిగాను.

"ఆ మూటలో ఉంది, నువ్వే తీసుకోమ్మా. నా చేతులు మిరపకాయ చేతులు, పెళ్లిబట్టకి తగిలితే పెళ్లికూతురు పీటల మీదే ఏడుస్తది" అంది. పక్కన కూర్చున్న ముసలాయన మీద కేకేసింది: "ఓ పెద్దాయనా, పెట్రోలు కంపు కొట్టట్లా? చుట్ట అవతల పారెయ్!"

మధుపర్కాల కొసన నెయ్యని పోగులు వేలాడుతున్నాయి. నేను చెయ్యి వేయగానే మావారు, "పద్మ పెళ్లిబట్టే అది!" అన్నారు.

"కొసలేగదండీ. దాని మావయ్యని దాని దగ్గరికి చేర్చడానికేగా."

నాలుగు పోగులు తీసి పేని, సబ్బు పట్టించి, గిన్నె అంచు చుట్టూ పరిచాను. ఆయన నెమ్మదిగా మర బిగించారు. ఇంజను తిప్పి ఇద్దరం వంగి చూశాం. చుక్క పడలేదు.

మేదరమెట్ల దగ్గర కుడివైపు తిరిగి అద్దంకి చేరేసరికి సన్నాయి వినపడుతోంది. పద్మ గుమ్మంలోనే ఉంది. బుట్టలో కూర్చున్నాక, మావారు బుట్ట ఎత్తగానే ఆయన మెడ దగ్గర వాసన చూసి, "మావయ్యా, పెట్రోలు కంపు!" అంది.

"ఉన్న సబ్బంతా కారుకే రాశాంరా తల్లీ" అన్నారాయన. నవ్వుతూనే అన్నారు, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. చేతులు ఖాళీ లేక తుడుచుకోలేదు. నేనే కొంగుతో తుడిచాను.

మీకు చెప్పేదొకటే. గరాటులో దూది పెట్టకండి, పాత పంచె రెండు మడతలు వేసి కట్టండి. మావారు తర్వాత గుంటూరులో కార్కు వాషరు కొని తనే వేసుకున్నారు. పాత పోగుని మాత్రం పారేయలేదు, కారు తాళానికి చుట్టుకున్నారు. పద్మ అత్తారింటికి వెళ్లాక మా ఇల్లు బోసిపోయింది. కారు తీసినప్పుడల్లా ఆయన ఆ పోగుని ఒకసారి తడిమేవారు, నేను చూడనట్టు ఊరుకునేదాన్ని. చాలా ఏళ్లకి కారు అమ్మేసిన రోజున, కొన్నాయన చేతిలో తాళం పెట్టబోయి ఆగారు. పోగు విప్పి జేబులో వేసుకుని, అప్పుడిచ్చారు.