కంచానికి అడ్డం పెట్టని చెయ్యి

కాలేజీవాళ్లు అచ్చువేసిన కరపత్రంలో ఆ చెక్ దర్శకుడి జీవితమంతా ఒక్క పేజీలో సరిపోయింది. పుట్టాడు, చదివాడు, సినిమాలు తీశాడు, ప్రేగ్ వీధుల్లోకి రష్యా ట్యాంకులొచ్చాయి, దేశం వదిలాడు. అక్కణ్ణుంచి ఒకటే వాక్యం. అమెరికాలో తీసిన ఏకైక చిత్రం విఫలమైందనీ, వలస ఆయన ప్రతిభను హరించిందనీ.

హరించిందట! హరిస్తుంటే ఎవరు చూశారు? ఆ రోజుల్లో ఆయన పక్కన ఉన్నవాణ్ణి నేను. నాకు కనపడని హరణం ఈ కరపత్రం రాసినవాళ్లకి ఎలా కనపడింది?

నేను బడి మొహం చూసింది తక్కువ. కృష్ణా జిల్లాలో ఒక టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా చేరి, రీలు తిరుగుతున్నంతసేపూ ఎవరో పారేసిన ఇంగ్లీషు పత్రికలు చదువుకుని ఇంతవాణ్ణయ్యాను. మా ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సు. నర్సులు కావాలని అమెరికా పిలిచిన కాలంలో ముందు ఆవిడ వచ్చింది, ఆవిడ వెనక నేను వచ్చాను. ఆవిడ న్యూజెర్సీలో ఆసుపత్రికి వెళ్తే, నేను దగ్గర్లోని కాలేజీ హాల్లో ప్రొజెక్టర్ దగ్గర కుదురుకున్నాను. ఆయన అక్కడే సాయంత్రం క్లాసులు చెప్పేవాడు. పిల్లలు వెళ్లిపోయాక నా క్యాబిన్‌లోకి వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో తను కూర్చుని, నన్ను నిలబెట్టి కబుర్లు చెప్పేవాడు.

వాళ్ల నాన్నది చిన్న ఊళ్లో పూటకూటిల్లు లాంటిది. తాగడానికి బీరు, తినడానికి మాంసం, పైన రెండు గదులు. అమ్మ ఊళ్లో పెళ్లిళ్లకి వంట చేసేది. ఈయన చిన్నప్పుడు బల్లల కింద దూరి ఆడుకునేవాడట. అక్కణ్ణుంచి మనుషుల మొహాలు కనపడవు. బూట్లు, మోకాళ్లు, బల్ల అంచు మీద చేతులు, అంతే. "ఆపరేటర్, పెద్దవాళ్లు నోటితో అబద్ధాలాడటం నేర్చుకుంటారు. చేతులకి అంత చదువు అబ్బదు," అనేవాడు. ఆయన సినిమా విద్య మొత్తం ఆ బల్ల కిందే పూర్తయిందని నా నమ్మకం. ప్రేగ్‌లో ఫిల్మ్ స్కూలు దానికి సర్టిఫికెట్ ఇచ్చిందేమో!

నటుల్ని పెట్టుకునేవాడు కాదు. బేకరీవాళ్లని, పోస్టుమాన్లని, ఎదురింటి ముసలమ్మని పెట్టుకునేవాడు. స్క్రిప్టు చూపించేవాడు కాదు. షాట్‌కి ముందు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెవిలో ఒక ముక్క ఊదేవాడు. ఎవరి చెవిలో ఏం పడిందో రెండోవాడికి తెలియదు. ఒక ఊళ్లో తేనెటీగలు పెంచేవాళ్ల సంఘం వార్షిక సమావేశం మీద అలాగే సినిమా తీశాడు. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి, ఎవరికీ ఆ పదవి వద్దు, కానీ పక్కవాడికి రాకూడదు. ఆ తగువు చూసి, ట్యాంకుల వెనక వచ్చిన కొత్త ప్రభుత్వానికి కోపం వచ్చింది. తేనెటీగల్లో తమని చూసుకున్నారు కాబోలు. సినిమాని గిడ్డంగిలో పెట్టి తాళం వేశారు. ఆయన దేశం వదిలి వచ్చేశాడు.

ఒక ఆదివారం మా చర్చి అయ్యాక ఆయన్ని భోజనానికి పిలిచాను. చర్చి నుంచి ఇంకో పెద్దాయన కూడా వచ్చాడు. మా ఆవిడ పప్పు, గోంగూర, కోడికూర చేసింది. పెద్దాయన కడుపునిండా తిని, "వద్దమ్మా, చాలు" అన్నాడు. మా ఆవిడ గరిటె నిండా వేసింది. "అయ్యో, వద్దంటే!" అన్నాడు. ఇంకో గరిటె వేసింది. ఆయన శుభ్రంగా తినేశాడు. చెక్ ఆయన ఫోర్కు కింద పెట్టేశాడు.

"అతను వద్దంటుంటే మీరెందుకు పెడుతున్నారు?" అని మా ఆవిణ్ణి అడిగాడు.

మా ఆవిడ అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "కంచానికి చెయ్యి అడ్డం పెట్టలేదు కదండీ!"

ఆయన పెద్దాయన చేతి వంక చూశాడు. కంచం పక్కన, వేళ్లు విప్పి, హాయిగా పడుకుని ఉంది ఆ చెయ్యి. ఆయన మొహంలో అప్పుడు వచ్చిన వెలుగు నేను మరిచిపోలేదు. బల్ల కింద పిల్లవాడికి ఇన్నేళ్లకి ఇంకో ఇల్లు దొరికింది.

అప్పుడాయన పియానోలు శ్రుతి చేసే ఒక మెతక మనిషి కథ రాస్తున్నాడు. ఆ మనిషి న్యూజెర్సీలో ఇల్లిల్లూ తిరుగుతాడు, ఏ ఇంట్లోనూ ఇమడడు. కథలోకి ఇప్పుడు పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంటు వచ్చి చేరింది. మా ఆవిడే ఇల్లాలు, నేనే అతిథిని. పియానో మనిషి బల్ల చివర కూర్చుని మమ్మల్ని చూస్తుంటాడు. మా భాష అతనికి రాదు. నేను వద్దంటాను, మా ఆవిడ పెడుతుంది, నేను తింటాను. నాలుగోసారి దాకా చూసి, చివరికి అతనూ తల అడ్డంగా ఊపి, చెయ్యి మాత్రం కంచం పక్కన పెట్టేస్తాడు. మా ఆవిడ అతనికీ వడ్డిస్తుంది. అంతే సీను. ఇంటింటా పరాయివాడైన మనిషి ఆ ఒక్క ఇంట్లో మనవాడవుతాడు.

కెమెరాని బల్ల ఎత్తుకి దించాడు. తెర కింది సగంలో కంచాలు, చేతులు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా తినిపించాడు.

"ఆపరేటర్, ఇంకొక్కసారి."

"సార్, నా పొట్టలో రీలు అయిపోయింది."

"ఇంటర్వెల్ లేదు. కూర్చో."

ఆ మాటకి మా ఆవిడ గరిటె పట్టుకుని నవ్విన నవ్వు కూడా సినిమాలో ఉంది. మేం నటించామంటే నేనొప్పుకోను. మేం భోంచేశాం. ఆయన తీశాడు.

ఈ సీనుకి తెర కింద ఇంగ్లీషు అక్షరాలు వెయ్యొద్దని ఆయన పంపిణీదారుకి చెప్పాడు. ప్రేక్షకుడు పియానో మనిషి కుర్చీలో కూర్చోవాలి, మాట తెలియకుండా చెయ్యి చూసి గ్రహించాలి అన్నాడు. పంపిణీదారు సరేనని తలూపి, అక్షరాలు వేయించాడు. అడిగితే జనానికి అర్థం కావాలి కదా అన్నాడట. వద్దు, వద్దు, దయచేసి వద్దు అని తెల్లటి ఇంగ్లీషు. ఎక్కడ వేశాడు? తెర కింద. సరిగ్గా నా చేతి మీద! ఏది చూస్తే నవ్వొస్తుందో దాన్ని కప్పేసి, ఏది వింటే జాలేస్తుందో దాన్ని రాసి పెట్టాడు.

మొదటి ఆట నాడు హాల్లో ఎవరూ నవ్వలేదు. కక్కలేక మింగలేక కూర్చున్న ఒక అతిథిని ఒక ఆడది హింసిస్తోందని వాళ్లకి తోచింది. పత్రికల్లోనూ అలాగే రాశారు. నవ్వించాల్సిన చోట క్రూరంగా ఉందన్నారు. ఆ సినిమా తరవాత ఇక్కడ ఆయనకి ఎవరూ ఇంకో సినిమా ఇవ్వలేదు. ఆయన నాతో ఒక్కటే అన్నాడు, "వాళ్లు చదివారు. చూడలేదు." అక్కడ ప్రభుత్వం మారాక వెనక్కి వెళ్లాడు. తేనెటీగల సినిమాకి తాళం తీశారు, దేశమంతా పడీపడీ నవ్వింది. ఇంకో రెండు తీశాడు. పోయిన ఏడాది పోయాడు. ఇదా హరించడం?

ఆయనకి మళ్లీ ఒక దేశం దొరికింది. మా ఆవిడకి మాత్రం దొరకలేదు. ఆసుపత్రిలో తోటి నర్సులు సినిమా చూసి, రోగులక్కూడా అలాగే కుక్కుతావా అని వేళాకోళం చేశారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మారు వడ్డన ఆగిపోయింది. ఎవరొచ్చినా గిన్నెలు బల్ల మీద పెట్టి, "మీకు కావలసింది వేసుకోండి" అంటుంది. పిల్లలకీ అంతే, నాకూ అంతే. ఆ సినిమా ఆవిడ మళ్లీ చూడలేదు.

ఇప్పుడు కాలేజీలో ఆయన సినిమాల వారం పెట్టారు. దాన్ని నడిపేది ఇక్కడే పుట్టిన మన తెలుగమ్మాయి, ఆ కాలేజీలోనే సినిమాల మీద పరిశోధన చేస్తోంది. కరపత్రం రాసింది కూడా ఆ అమ్మాయే. తెరమీద చివర్లో మా పేర్లు చూసి, వెతుక్కుని ఫోన్ చేసింది. అదే పాత ప్రింటు, అవే అక్షరాలతో వేస్తారట. నాకు ఒళ్లు మండింది. భోజనానికి రమ్మన్నాను.

వచ్చింది. తిన్నది. మా ఆవిడ "ఇంకొంచెం?" అని ఒక్కసారి అడిగింది.

"నో ఆంటీ, ఐయామ్ గుడ్."

మా ఆవిడ గిన్నె మీద మూత పెట్టేసింది.

"అమ్మాయ్, ఆ ప్రింటు వెయ్యొద్దు," అన్నాను. "అక్షరాలు లేని కాపీ ప్రేగ్‌లో ఉంది. తెప్పించు."

"అంకుల్, ఆనెస్ట్‌గా చెప్తా. ఆ సీన్ నాకు కొంచెం అన్‌కంఫర్టబుల్. మీరు నాలుగు సార్లు నో చెప్పారు. సబ్‌టైటిల్స్ కూడా తీసేస్తే ఎవరికైనా ఏం అర్థమవుతుంది?"

"నా మాట కాదు, నా చెయ్యి చూశావా?"

"ఏ చెయ్యి?"

నేను కంచం ముందుకి లాక్కున్నాను. "ఏమేవ్, ఇలా వచ్చి నాకు కాస్త పప్పు వెయ్యి. వద్దంటాను. నువ్వు వెయ్యి. పిల్ల చూస్తుంది."

మా ఆవిడ కదల్లేదు. "ఎందుకండీ ఇప్పుడు అవన్నీ? మీకు కావాలంటే వేసుకోండి."

"నీ మీద పడ్డ మాట పోవాలనే కదే!"

"పడ్డప్పుడు పోలేదు. ఇప్పుడు పోతుందా?" గరిటె నా వైపు జరిపి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ అమ్మాయి నా వంక చూసింది. "ఆంటీకి కోపం వచ్చిందా?"

అప్పుడు చెప్పాను అంతా. బల్ల కింద పిల్లవాడు, చర్చి పెద్దాయన, ఆసుపత్రిలో వేళాకోళం. చెప్పి ఊరుకోలేదు, నా కంచం మీద అరచెయ్యి బోర్లించి, "ఇదమ్మా వద్దంటే," అన్నాను. చెయ్యి తీసి పక్కన పెట్టి, "ఇది మొహమాటం," అన్నాను. ఆ అమ్మాయి ఫోన్ తీసి ఆ సీను పెట్టుకుంది. బొమ్మని వేళ్లతో లాగి పెద్దది చేసింది. తెల్ల అక్షరాల సందుల్లోంచి నా వేళ్లు రెండు కనపడ్డాయి, తీరిగ్గా పడుకుని.

"ఓ మై గాడ్," అంది. "మా అమ్మమ్మ కూడా ఇంతే, అంకుల్. ఐ యూజ్డ్ టు గెట్ సో మ్యాడ్. నేను ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు."

"పెట్టవు. నీకు కావాలి గనక."

ప్రేగ్ కాపీ వచ్చింది. అక్షరాలు లేకపోతే ఎలాగని ప్రొఫెసరు అడ్డం పడితే, ఆ అమ్మాయి ఆట మొదట్లో తనే లేచి చెప్పింది, ఈ సీనులో మాటలు వినొద్దు, బల్ల మీద చేతులు చూడండి అని. కరపత్రంలో ప్రతిభ హరించిందన్న ఆ వాక్యం కూడా తీసేసింది. నేను తీయించాను, మొహమాటపడకుండా.

మా ఆవిడ రానంది. ఆ అమ్మాయే కారేసుకుని వచ్చి, "మీరు లేకపోతే నాకు భయం ఆంటీ" అని తీసుకెళ్లింది. హాలు చివరి వరసలో, నా పాత క్యాబిన్ కింద కూర్చున్నాం. తెర మీద మా ఆవిడ పడుచుగా, గరిటెతో వచ్చింది. నేను వద్దన్నాను. నా చెయ్యి తెరంతా విశ్రాంతిగా ఉంది. ఎవరో కుర్రాడు ముందు వరసలో కిసుక్కుమన్నాడు. రెండో గరిటెకి ఇంకొంతమంది నవ్వారు. పియానో మనిషి తల అడ్డంగా ఊపుతూ చెయ్యి మెల్లగా కంచం పక్కకి జరిపేసరికి హాలు మొత్తం ఘొల్లుమంది. వాళ్లలో ఎక్కువమందికి తెలుగు ఒక్క ముక్క రాదు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని వంగి చూశాను. నవ్వుతోంది.

బయట వరండాలో, ఎడిసన్‌లో మనవాళ్ల దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డు నుంచి తెప్పించిన తినుబండారాలు బల్లల మీద పెట్టారు. ఎవరికి వాళ్లు వేసుకుంటున్నారు. మా ఆవిడ కాసేపు అదంతా చూసింది. తరవాత బొబ్బట్ల పళ్లెం చేతిలోకి తీసుకుని, నడిచి వెళ్లి, ఆ అమ్మాయి ప్లేటులో ఒకటి పడేసింది.

"ఆంటీ, వద్దు, ప్లీజ్, ఆల్రెడీ తిన్నాను!"

ఇంకోటి పడింది. నేను ఆ అమ్మాయి చెయ్యి వంక చూశాను. ప్లేటు ఇంకొంచెం ముందుకి జరిగింది.

నాకూ ఆశ పుట్టి, పళ్లెం నా దగ్గరికి రాగానే, "వద్దులేవే" అని చెయ్యి పక్కకి పెట్టుకుని నిలబడ్డాను.

"మీకు నిజంగానే వద్దు. షుగరు," అని మా ఆవిడ పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.