హాగరు ఊట దగ్గర ఆగిన పాఠం

"కరుణ సిస్టర్ ఎవరితోనూ వాదించి ఎరగదు, దేవుని మాటను ప్రశ్నించి ఎరగదు" అని మొన్నటి స్మారక కూటంలో వక్తలందరూ ఏకకంఠంతో అన్నారు. ఆ కరుణ ఎవరో నాకు తెలియదు. నేనెరిగిన కరుణ ప్రతి శుక్రవారం ఆఫీసు నుంచి రాగానే నాకు ఫోన్ చేసి మరీ పోట్లాడేది. నలభై ఏళ్లయినా నిండని ఆమె ప్రభువునందు నిద్రించిందన్న వార్త వినగానే నాకు నోట మాట పడిపోయింది. నాకు మాట పడిపోవడమంటే ఎంత అరుదో సిడ్నీ తెలుగు క్రైస్తవ కుటుంబాలకు వేరే చెప్పనక్కర్లేదు.

శనివారపు స్త్రీల కూటంలో బైబిలు నదులు, ఊటల మీద పాఠాలు మొదలుపెట్టింది నేను. భూగోళశాస్త్రంలో ఎమ్మే చదివి, మావారి వీసా మీద వచ్చి వంటింట్లో కూర్చున్న నాకు ఈ దేశంలో నాదంటూ ఉన్నది ఆ ఒక్క గంట. పటం గీసి, యొర్దాను పుట్టుక నుంచి మృతసముద్రం దాకా చెప్పేదాన్ని. వినేవాళ్లు వినేవారు, ఆవలించేవాళ్లు ఆవలించేవారు. ఇంతలో రెండువేల సంవత్సరానికి కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే పని మీద కరుణ దిగింది. ఉద్యోగముంది, కారుంది, దానికి తోడు శ్రావ్యమైన కంఠం. నాకు జ్వరమొచ్చిన ఓ శనివారం నా బదులు పాఠం చెప్పింది. పై వారం అందరూ, "కరుణక్కనే చెప్పనివ్వండి ఆంటీ, మీరు రెస్ట్ తీసుకోండి" అన్నారు. జ్వరం తగ్గింది. రెస్ట్ మాత్రం నేటికీ తీరలేదు.

అప్పటినుంచే ఆ శుక్రవారపు ఫోన్లు.

"అక్కా, రేపు నయమాను కథ. మీ అబ్జెక్షన్ ఏంటి?"

"కుష్టు పోవాలంటే యొర్దానులో మునగమన్నందుకు, మా దమస్కు నదులే మేలని నయమాను అన్నదాంట్లో తప్పేముందే? దమస్కు నది మంచుకొండల నుంచొచ్చే తేటనీరు. యొర్దాను బురద. కృష్ణలో ఈదినదానివి, ఇక్కడి క్రీక్‌లో మునగమంటే మునుగుతావా?"

"చచ్చినా మునగను. అయితే ఆయన గొడవ బురద గురించి కాదన్నమాట, తన ఊరి నీళ్లు కావని! థాంక్సక్కా, లెసన్ అయిపోయింది."

మర్నాడు "ఈ ప్రశ్న అక్కది" అని చెప్పే మొదలుపెట్టేది. దొంగిలించిందని అనే అదృష్టం కూడా నాకు లేకుండా చేసింది. ఆమేన్‌లు మాత్రం ఆమెకే దక్కేవి.

వైటూకే గండం గడిచిన జనవరిలో, కరువు కాలంలో ఏలీయా ప్రవక్త దాక్కున్న కెరీతు వాగు గురించి మా ఇంటి వెనక క్రీక్ గట్టున చెబుతానంది. జనవరంటే ఇక్కడ నడివేసవి, అందులో నీళ్లుండవని ముందే చెప్పాను. అయినా అందరినీ తీసుకెళ్లింది. మేమంతా డెల్టా వాళ్లం. వాగంటే మాకు నిండుగా పారే కాలవే. అక్కడ రాళ్లు, ఎండిన ఆకులు.

"చెప్పానా?" అన్నాను అందరూ వినేలా.

"చెప్పారక్కా. అందుకే తీసుకొచ్చా" అంది. "ఏలీయా వాగు కూడా ఇలాగే ఎండింది. ఎండబెట్టిన దేవుడే, లే, ఇంకో ఊరెళ్లు అన్నాడు."

భర్తల కాంట్రాక్టులు అప్పుడే ముగిసిన ఆడవాళ్లు ఆ రాళ్ల మీదే కూర్చుని ఏడ్చారు. నేనూ కళ్లు తుడుచుకున్నాను, పళ్లు నూరుకుంటూనే.

ఆమె చివరి పాఠం నేను వినలేదు. ఆ వారం మెల్బోర్న్‌లో మా అమ్మాయి దగ్గరున్నాను. ఫోన్ నెంబరు ఇచ్చే వెళ్లాను. శుక్రవారమంతా ఎదురుచూశాను, ఆమె చెయ్యలేదు. కేన్సరుకిచ్చే కీమోతో నీరసించి, తన చంటిపాపను ఒళ్లో పెట్టుకుని, అబ్రాహాము ఇంటినుంచి కొడుకుతో సహా వెళ్లగొట్టిన దాసి హాగరు కథ చెప్పిందట. అరణ్యంలో నీళ్ల తిత్తి ఖాళీ అయ్యాక దేవుడు కొత్త ఊటను పుట్టించలేదు, ఉన్నదాన్నే చూపించాడు అందట. తర్వాత, "అక్క అడిగారు. ఊట అక్కడే ఉంటే, పిల్లాణ్ణి పొద కింద పడేసి తల్లి ఏడ్చేదాకా ఎందుకు ఆగాడని. జవాబు వచ్చే శనివారం" అందట. ఆ శనివారానికి ఆమె లేదు.

కరుణా, నీలాంటి బోధకురాలు మా కూటానికి మళ్లీ దొరకదు. నా గంట నాకు తిరిగొచ్చింది. దాన్నేం చేసుకోవాలో తెలియడం లేదు. ఆ ప్రశ్న నేనడిగింది కాదు. అంతటి ప్రశ్న నాకీ జన్మలో తట్టలేదు. అభ్యంతరాల్లోనూ నువ్వు నన్ను మించిపోయావు. అది నీదే అయినప్పుడు, నా పేరు మీద ఎందుకు అడిగావు?