కుంకుడు రసంతో తోమిన గొర్రెపిల్ల

పట్టుచీరలు ఉతకడానికి మా చెల్లెలు ఇవాళ కుంకుడుకాయలు నానబెట్టింది. ఆ వాసనకి పొదిలిలో మా గొర్రెల దొడ్డి గుర్తొచ్చింది. పశువుల ప్రదర్శన వస్తోందంటే మన ఇళ్లలో ఎంత హడావుడో మీకూ గుర్తుందా?

ప్రదర్శన ముందురోజు మా మేనమామ కూతురు పద్మ గొర్రెపిల్లని కుంకుడు రసంతో తోమేసింది. ఒంటి వాసన పోయేసరికి తల్లి గొర్రె దాన్ని పాలకి రానివ్వకుండా కుమ్మింది.

"పెళ్లికూతుర్ని చేశావుగా, ఇక నువ్వే పాలివ్వవే!" అని అమ్మ కేకలేసింది.

పద్మ ఏడుస్తూనే తల్లి పాలు పిండి పిల్ల ఒళ్లంతా పూసింది. తల్లి చాలాసేపు వాసన చూసి, చివరికి దాన్ని పాలకి రానిచ్చింది.

పెద్దయ్యాక పద్మనే చేసుకున్నాను. పోయిన ఏడాది తను చనిపోయింది.

"కొక్కేనికున్న వదిన చీర కూడా తడపనా అన్నయ్యా?" అంది చెల్లెలు.

"అదొక్కటీ ఉతకొద్దమ్మా," అన్నాను.